సన్యాసమ్మ నిద్ర

మా ఇంట్లో పనిచేసే అప్పలకొండ ఆ రోజు ఉదయం పది గంటలకి సింకు ముందు నిలబడే నిద్రపోయింది. కుళాయి ధారగా పోతోంది. సబ్బునురగ గట్టు దాటి నేల మీదికి జారుతోంది. చేతిలో ఇడ్లీ రేకు అలాగే ఉంది, నుదురు గోడకి ఆనించి ఉంది.

నేను ల్యాబుకి బయల్దేరుతూ చూశాను. నాకు జాలి కలగలేదు. చిరాకు కలిగింది. ఆ సంగతి దాచి ఈ కథ చెప్పడంలో అర్థం లేదు.

"అప్పలకొండా! పనిలో నిద్రేమిటి?"

ఆమె ఉలిక్కిపడింది. రేకు జారి సింకులో మోగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"నిద్దర నాకాడెక్కడిదమ్మా? అమ్మీసినాను."

"ఏమిటి అమ్మేశావు?"

"నిద్దరమ్మా. వారానికి మూడు దినాలు కంపెనీవోలికి ఇస్తన్నాం, నానూ మాయప్ప సన్యాసమ్మా. మీ ఫ్రిజ్జిలో గుడ్ల పక్కన నీలం సీసాలుంటాయి కదా, తేట. అదే మాది." చేతులు చీరకి తుడుచుకుని మళ్ళీ గిన్నె అందుకుంది. "పొద్దుటేల ఫ్రిజ్జి తుడిసినప్పుడల్లా సూస్తంటాను. ఏ సీసాలో నానున్నానో అని."

తేట నేను కనిపెట్టిన మందు. అప్పటికి ఏడు నెలలుగా నేను రోజుకొక సీసా ఎక్కించుకుంటున్నాను. రెండు గంటలు పడుకుంటే చాలు, ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినట్టు ఉండేది. ల్యాబులో పన్నెండు గంటలు, ఇంట్లో వంట, మంచం పట్టిన అత్తగారికి స్నానం, అమ్మాయి చదువు, మళ్ళీ ల్యాబు కాగితాలు. ఏదీ ఆగేది కాదు. నన్ను చూసి అందరూ ముచ్చట పడేవారు. నేనూ పడేదాన్ని.

ఆ సీసాలో ఎవరో ఒకరు ఉన్నారని నాకు తెలుసు. ఆ ఎవరో మా సింకు ముందు నిలబడి ఉంటారని తెలియదు.

మా అమ్మాయికి ఆర్నెల్లప్పుడు నేను పరిశోధన చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం ల్యాబులో స్పిరిటు దీపం ముందు కూర్చునే కునికాను. చెయ్యి కాలింది. మోచేతి కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కట్టు కట్టించుకుని ఇంటికి వెళితే మా ఆయన రఘురామ్ అన్నాడు, "కాస్త జాగ్రత్తగా ఉండాలి హైమా." అతను రాత్రంతా నిద్రపోయిన మనిషి. పాప ఏడ్చినా అతనికి మెలకువ వచ్చేది కాదు. అలా రాకపోవడం కూడా ఒక హక్కని అప్పుడు నాకు తోచలేదు. ఆడవాళ్ళకి నిద్ర సరిపోవడం లేదు, దానికి మందు కనిపెట్టాలి అని మాత్రం తోచింది.

గాఢనిద్రలో మెదడు తనని తాను కడుక్కుంటుంది. ఆ వేళ రక్తంలోకి ఒక పదార్థం దిగుతుంది. మెలకువ వచ్చాక రోజంతా మనల్ని నిలబెట్టేది అదే. దాన్ని విడదీయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. నిద్రపోయిన ఎలుక నుంచి తీసి నిద్రలేని ఎలుకకి ఎక్కిస్తే, నిద్రలేనిది చురుగ్గా పరుగెత్తింది. నిద్రపోయినది లేచి, గోడకి కొట్టుకుంది. ప్రయోగశాలలో దాన్ని తయారు చెయ్యాలని ఎంతో ప్రయత్నించాం. కుదరలేదు. నిద్రపోయే శరీరంలోనే అది తయారవుతుంది.

అక్కడితో ఆగవలసింది. మా సంస్థ డైరెక్టరు మృణాళిని గారు ఆగలేదు. నేనూ ఆగలేదు.

మృణాళిని గారు చిన్నప్పుడు పెళ్ళి తప్పించుకుని చదువుకున్న మనిషి. మగవాళ్ళు నిండిన గదుల్లో గొంతెత్తి మాట్లాడి ఆ కుర్చీలోకి వచ్చింది. తేట ప్రకటనకి వాక్యం ఆవిడే రాసింది: 'ఇక రోజంతా నీదే.' పక్కనే లాప్‌టాప్ ఒక చేత్తో, పసిబిడ్డ ఒక చేత్తో, నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మలో మగవాడు లేడు. అతను ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు.

"దాతలు స్వచ్ఛందంగా వస్తారు, పగటిపూట నాలుగు గంటలు ఏసీలో హాయిగా పడుకుంటారు, వెళ్ళిపోతారు" అని నాకు చెప్పారు. దాతలూ శాస్త్రవేత్తలూ ఒకరినొకరు కలవకూడదని ఒక నిబంధన పెట్టారు. దాని మీద నా సంతకం ఉంది.

మర్నాడు అప్పలకొండతో కలిసి, వాళ్ళు నిద్ర ఇచ్చే చోటికి వెళ్ళాను.

విశాఖ దాటాక పారిశ్రామికవాడలో అది ఒకప్పుడు రొయ్యల షెడ్డు. అప్పలకొండ అక్క సన్యాసమ్మ అందులోనే పదకొండేళ్ళు రొయ్యలు ఒలిచింది. షెడ్డు మూతపడ్డాక మా సంస్థ తీసుకుని తెల్ల రంగు వేయించి 'విశ్రాంతి మందిరం - మహిళలకు మాత్రమే' అని బోర్డు పెట్టింది. అలాంటివి మొత్తం పది. రొయ్యల కోసం పెట్టిన చల్లబరిచే యంత్రాలే ఇంకా తిరుగుతున్నాయి.

లోపల మిట్టమధ్యాహ్నం చీకటి. నల్ల తెరలు. అరవై మంచాలు, అరవై మంది ఆడవాళ్ళు. ముక్కుకి మత్తు, మణికట్టుకి గొట్టం. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చి, పొద్దున్న నాలుగిళ్ళు చేసి వచ్చినవాళ్ళు. కొందరి కాళ్ళకి ఇంకా దుమ్ము ఉంది. ఒకామె జాకెట్టు తడిసి ఉంది, పాలిచ్చే తల్లి. ఇన్ని శరీరాలున్న గదిలో గురక లేదు, కలవరింత లేదు. యంత్రం శబ్దం మాత్రమే.

నాలుగింటికి గంట మోగింది. దీపాలు వెలిగాయి.

కడుపునిండా నిద్రపోయి లేచిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏడు నెలలుగా అద్దంలో చూస్తున్నాను. ఆ అరవై మందిలో ఒక్కరి మొహమూ అలా లేదు. బండలు మోసి దించినవాళ్ళలా లేచారు. ఒక పిల్ల మంచం దిగబోయి, కాళ్ళున్నాయన్న సంగతి మరిచిపోయినట్టు కూలబడింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పక్క మంచం ఆమె వచ్చి లేవదీసింది.

సన్యాసమ్మ ఆ వరస చివర కూర్చుని జడ అల్లుకుంటోంది. భారీ మనిషి, పెద్ద బొట్టు. అల్లడం అయ్యాక మళ్ళీ విప్పింది. మళ్ళీ అల్లడం మొదలెట్టింది.

"అప్పా, పద. ఇంటికెల్దాం," అంది అప్పలకొండ.

ఆమె తలెత్తి చూసింది. "ఎవుర్నువ్వు?"

"నానే అప్పా. కొండని."

"కొండ మా సెల్లి. సిన్న గుంట, పసిపిల్ల." సన్యాసమ్మ నవ్వింది. "నువ్వు ముసిల్దానివి కదే."

అప్పలకొండకి ముప్ఫై నాలుగేళ్ళు.  అక్క వెనక్కి వెళ్ళి నిలబడి, జడ పూర్తిగా అల్లి ముడి వేసింది. అప్పుడు నావైపు చూసింది. ఆ చూపు గురించి నేను రాయలేను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, మీరిక్కడికి రాకూడదండీ!"

"ఈవిడ వారానికి ఎన్నిసార్లు వస్తోంది?"

"మూడేనండి. రూలు మూడే."

"ఐదు," అంది అప్పలకొండ. "రెండు సార్లు పైడితల్లి అన్న పేరు మీద. ఆ పేరు రాసింది నువ్వే కాదేటి? పరీచ్చల కాలం, సీసాలు సాలట్లేదు, పెద్దమనిసి గట్టిది, ఇస్తాది అన్నావు కదా?"

అతను నా వంక చూశాడు, నేను అర్థం చేసుకుంటానన్నట్టు. నేను అతని వైపు మనిషినే కదా మరి.

ల్యాబుకి వచ్చి నా పాత ప్రయోగాల పుస్తకాలు తీశాను. వెతకాల్సిన అవసరం లేదు, ఏ పేజీలో ఉందో తెలుసు. దాత ఎలుకల్లో తల్లి ఎలుక ఒకటి ఉండేది. నలభయ్యో రోజున అది తన పిల్లల్ని గుర్తుపట్టలేదు. పాలకోసం దగ్గరికి వస్తే కరిచింది. యాభై రెండో రోజున చచ్చిపోయింది. నా చేతిరాతలోనే ఉంది. మనుషులకి మోతాదు తక్కువ కాబట్టి ఇది వర్తించదని కింద ఒక వాక్యం రాసి ఉంది. ఆ చేతిరాతా నాదే.

మగ ఎలుకల రక్తంలోనూ అదే పదార్థం, అంతే చిక్కదనం. మందిరాల్లో ఆడవాళ్ళనే పడుకోబెట్టడానికి జీవశాస్త్రంలో ఏ కారణమూ లేదు.

ఆ పుస్తకం పట్టుకుని మృణాళిని గారి గదికి వెళ్ళాను.

"మందిరాలు ఈరోజే మూసెయ్యాలి మేడమ్."

ఆవిడ పుస్తకం తెరవలేదు. "కూర్చో హైమా. ఆరు వందల మంది ఆడవాళ్ళు. తాగొచ్చి కొట్టే మొగుళ్ళున్న ఇళ్ళ నుంచి వస్తారు. ఇక్కడ నాలుగు గంటలు ఎవరూ వాళ్ళ జోలికి రారు. వాళ్ళ జీవితంలో ఎవరైనా అంతకంటే ఎక్కువ ఇచ్చారా?"

"మనం ఇస్తున్నామా, తీసుకుంటున్నామా?"

"వాళ్ళే సంతకాలు పెట్టారు."

"మగవాళ్ళని ఎందుకు తీసుకోలేదు?"

"మగవాళ్ళు కదలకుండా పడుకోరు. ఎక్కువ అడుగుతారు. లేచాక ఒళ్ళు నొప్పి అని గొడవ చేస్తారు." ఆ జవాబులో ఏదైనా తప్పుందని ఆవిడకి తోచినట్టే లేదు. "ఆడవాళ్ళకి అలవాటే కదా."

"ఆ అలవాటు మీద మనం వ్యాపారం చేస్తున్నాం."

అప్పుడు ఆవిడకి కోపం వచ్చింది. "ఈ బోర్డులో ఐదుగురు ఆడవాళ్ళున్నారు. ఎలా వచ్చారు? ఇంట్లో వంట మానేసి వచ్చారా? తేట ఉంది కాబట్టి రెండూ చేసి వచ్చారు. నువ్వు పదకొండేళ్ళ తరవాత ఈ గదిలో నా ముందు నిలబడి అరుస్తున్నావంటే ఎవరి నిద్రతో నిలబడ్డావు? మన విముక్తి ఇలాగే వచ్చింది హైమా. బావులేదని ఇప్పుడు తిరిగిచ్చేస్తావా?"

ఆవిడ చెప్పినదాంట్లో నా గురించిన ముక్క నిజం.  

"ఇంకో ఆడదాన్ని పడగొట్టి దాని మీద ఎక్కితే మనం పైకొచ్చినట్టు కాదు మేడమ్. ఇంట్లో ఆ పని అలాగే ఉంది. మనల్ని చాకిరీలో పెట్టినవాళ్ళు అలాగే ఉన్నారు. మనం వాళ్ళని కదపలేదు. మన బదులు అప్పలకొండని అప్పజెప్పి వచ్చాం."

"నీకు విశ్రాంతి కావాలి," అంది మృణాళిని గారు. సాయంత్రానికి నా కంప్యూటరు తెరుచుకోలేదు. చేతిరాత పుస్తకాలు మాత్రం నా సంచిలోనే ఉన్నాయి.

తేట మానేశాను. మూడో రోజుకి ఏడు నెలల అలసట ఒక్కసారి వచ్చి మీద కూర్చుంది. కూర తరుగుతూ కునికాను. అత్తగారి దుప్పటి మార్చడం మరిచాను. అన్నం మాడింది.

రఘురామ్ బ్యాంకు ఉద్యోగుల సంఘంలో నాయకుడు. మంచి వక్త. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి కోసం నూరేళ్ళ కిందట కార్మికులు రక్తం చిందించారని అతను చెబుతుంటే విన్నవాళ్ళ రోమాలు నిక్కబొడుచుకునేవి. నావీ నిక్కబొడుచుకునేవి, పెళ్ళికి ముందు.

మాడిన అన్నం పక్కకి నెడుతూ అన్నాడు. "ఏమైంది హైమా ఈ మధ్య? తేట వేసుకోవడం లేదా?"

"లేదు."

"ఎందుకని? ఇల్లు నడవాలి కదా."

"ఆ తేట అప్పలకొండది. వాళ్ళక్కది."

జరిగినదంతా చెప్పాను. అతను చెంచా కింద పెట్టి విన్నాడు. కళ్ళు తడి చేసుకున్నాడు కూడా. "ఇది ఘోరమైన దోపిడీ. కంపెనీ మీద పోరాటం కట్టాలి. నేను సంఘంలో తీర్మానం పెట్టిస్తాను."

"పెట్టించండి. ఈ లోపల మీ అమ్మగారి దుప్పటి మార్చండి."

"ఇప్పుడా? నాకది చేతకాదు, నీకు తెలుసుగా."

నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. పద్ధెనిమిదేళ్ళ కోపం. "మీరు వేదికల మీద అడిగే ఎనిమిది గంటల విశ్రాంతి ఉందే, అది మీకు ఇంట్లో పద్ధెనిమిదేళ్ళుగా అందుతోంది. ఎవరిచ్చారు? బ్యాంకు ఇచ్చిందా? నేనిచ్చాను. నాది అయిపోతే అప్పలకొండది తెచ్చి ఇచ్చాను. ఆ షెడ్డుకి ఇంకో తలుపు ఈ ఇంట్లోనే ఉంది. మీరు రెండు పూటలా ఆ తలుపులోంచే వచ్చి భోంచేస్తున్నారు."

"అన్నిటినీ కలిపేస్తున్నావు. మూలం పెట్టుబడి. అది మారితే ఇవన్నీ..."

"పెట్టుబడి మారేదాకా దుప్పటి అలాగే ఉండాలా?"

 అతను లేచి అత్తగారి గదిలోకి వెళ్ళాడు. చేతకాకుండానే మార్చాడు. చేతకాకపోవడం వల్ల ఆగిపోయే పని కాదది.

తరవాత వారం సోమవారం మధ్యాహ్నం నాలుగింటికి గంట మోగింది. యాభై తొమ్మిది మంది లేచారు. సన్యాసమ్మ లేవలేదు.

ఆసుపత్రిలో ఆమె తొమ్మిది రోజులు అలాగే ఉంది. ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది, మనిషి లేదు. పదహారేళ్ళ కూతురు ఒకతి పక్కనే కూర్చుని తల్లి అరచేతిలో వేలితో ఏదో రాసేది. పదో రోజు పొద్దున్న ప్రాణం పోయింది. గుండెజబ్బు అని సంస్థ ప్రకటన ఇచ్చింది. ఆమెకి ఎప్పుడూ గుండెజబ్బు లేదు. ఆ షెడ్డులో పదకొండేళ్ళు రొయ్యల బుట్టలు ఎత్తిన మనిషి.

వరండాలో అప్పలకొండ దగ్గరికి వెళ్ళాను. ఏడుస్తూ వెళ్ళాను. "నన్ను క్షమించు అప్పలకొండా."

ఆమె ఏడవడం లేదు. మా ఇంట్లో పదేళ్ళు నన్ను 'మీరు' అన్న మనిషి ఆ రోజు ఆ మాట వదిలేసింది.

"నీ కన్నీళ్ళు నాకేటికి డాక్టరమ్మా? నాను ఓదారిస్తాననా? ఓపిక నేదు. ఆ ఎలకల కాయితాలున్నాయన్నావు, అయి ఇయ్యి. అందులో ఏటి రాసినావో మాకందరికీ అర్తమయ్యీలాగ సెప్పు. గేటుకాడ సెప్పాల. నీ సంతకం గురించీ సెప్పాల."

"చెబుతాను."

"నీ ఉద్యోగం పోతాది. జైలూ అవ్వొచ్చు."

"తెలుసు."

"అయితే రా. నిన్ను సెమించీసినానని మాత్రం అనుకోకు."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆడవాళ్ళు వచ్చారు. సన్యాసమ్మ మందిరం వాళ్ళు ముందు, తరవాత మిగతా తొమ్మిది మందిరాల వాళ్ళు. రోడ్లు ఊడ్చేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, చేపలు అమ్మేవాళ్ళు. నినాదాలు ఉంటాయనుకుని పోలీసులు కర్రలతో నిలబడ్డారు. నినాదాలు లేవు. తెచ్చుకున్న గోనెసంచులు, పాత చీరలు రోడ్డు మీద పరుచుకున్నారు. పిల్లల్ని మధ్యలో వేసుకున్నారు. సంస్థ గేటుకి అడ్డంగా, పట్టపగలు, ఆరు వందల మంది ఆడవాళ్ళు పడుకుని నిద్రపోయారు.

నటన కాదు. పది నిమిషాల్లో నిజంగానే నిద్రపోయారు. ఎన్ని నెలలదో ఆ నిద్ర. గురక పెట్టారు, కలవరించారు, పళ్ళు కొరికారు. లారీలు ఆగిపోయాయి. నేను గేటు పక్క దిమ్మ ఎక్కి నిలబడి, విలేకరులకీ పోలీసులకీ మేలుకున్న కొద్దిమందికీ నా పుస్తకం చదివాను. తల్లి ఎలుక దగ్గర ఆగాను. కింద కాపలా కూర్చున్న అప్పలకొండ, "సదువు," అంది. చివరిదాకా చదివాను, నిబంధన మీద నా సంతకం సంగతీ చెప్పాను.

మూడు రోజులు అలాగే సాగింది. రెండో రోజుకి నగరంలో సీసాలు అయిపోయాయి. ఇళ్ళలో గిన్నెలు పేరుకున్నాయి. ఆఫీసుల్లో ఆడవాళ్ళు బల్లల మీద తలలు వాల్చారు. మూడో రోజు ఒక అమ్మాయి కారు దిగి మా మీదికి వచ్చింది. సాఫ్ట్‌వేరు ఉద్యోగి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగి ఉంది.

"మీకసలు బుద్ధుందా? నాకు ఆర్నెల్ల పాప! తేట లేకపోతే ఉద్యోగం పోతుంది. మీరూ ఆడవాళ్ళేగా, సాటి ఆడదాని కష్టం తెలీదా?"

చీర మీద పడుకున్న ఒకామె లేవబోయింది. అప్పలకొండ చేత్తో ఆపి, తను లేచి ఆ పిల్ల ఎదురుగా నిలబడింది.

"పాప రేతిరంతా లేపుతాదా?"

"అవును."

"నీ మొగుడు తొంగుంతాడా?"

ఆ అమ్మాయి ఆగింది. "ఆయనకి పొద్దున్నే ఆఫీసు..."

"నీకు నేదేటి ఆఫీసు?"

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి కారు వైపు చూసింది.

"మరి మాకాడికొచ్చి అరుస్తావేటి తల్లీ? ఇంటికెల్లి ఆడ్ని లేపు. లేపినాక ఇద్దరూ ఎల్లి, పసిపిల్ల తల్లికాడ పన్నెండు గంటలు పని సేయిస్తన్నాడే, ఆ ఆఫీసోడ్ని లేపు. ఆలిద్దర్నీ లేపడానికి నీకు బయం. అందుకని మాయప్పని తొంగోబెట్టినారు. మరి లెగనేదది."

ఆ అమ్మాయి అక్కడే రోడ్డు మీద కూలబడింది. ఏడ్చిందో కునికిందో తెలియదు. చాలాసేపటికి ఎవరో ఆమె తల కింద ఒక సంచి పెట్టారు. ఆ సాయంత్రం ఆమె వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న ఆమె భర్త పాపని ఎత్తుకుని, పాలసీసా ఎలా పట్టాలో తెలియక ఇబ్బంది పడుతూ గేటు దగ్గరికి వచ్చాడు. అప్పలకొండ అతనికి పట్టి చూపించలేదు. "నేర్సుకో," అంది.

నాలుగో రోజు ప్రభుత్వం పది మందిరాలకీ సీలు వేసింది. గెలిచామని అందరూ అన్నారు. కొంత గెలిచాం. జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్ళకి వైద్యం సంస్థ ఖర్చుతో జరగాలని ఉత్తర్వు వచ్చింది. అప్పలకొండ వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి వారానికొక రోజు సెలవు, అది అడిగి తెచ్చుకున్నారు. ఆ పారిశ్రామికవాడలోనే ఒక గది తీసుకుని పిల్లల్ని చూసుకోవడానికి వంతులు వేసుకున్నారు. ఆ వంతుల్లో మొగుళ్ళ పేర్లు కూడా రాశారు. సగం మంది మొగుళ్ళు రాలేదు. రానివాళ్ళ ఇళ్ళ ముందు వారానికొకసారి ఆడవాళ్ళు వెళ్ళి నిలబడుతున్నారు.

రఘురామ్ వంట నేర్చుకున్నాడు. అందుకు నేను చప్పట్లు కొట్టలేదు. అతను నొచ్చుకున్నాడు, తరవాత నొచ్చుకోవడమూ మానేశాడు.

మృణాళిని గారి మీదా నా మీదా కేసు ఉంది. విచారణలో మృణాళిని గారి వకీలు, దాతలందరూ ఇష్టపడే వేలిముద్రలు వేశారన్నాడు. ఆకలితో వేసిన వేలిముద్రని ఇష్టం అనొచ్చో లేదో న్యాయస్థానం ఇంకా తేల్చలేదు. నాకు శిక్ష పడాలనే నేను చెప్పాను. నా వకీలుకి అది నచ్చలేదు. మృణాళిని గారికి బెయిలు వచ్చింది. ఆ నెలలోనే, మహిళా పారిశ్రామికవేత్తల సభలో ఆవిడ మాట్లాడిందని పేపర్లో చదివాను.

మొన్న ఒక ఉత్తరం వచ్చింది. రాష్ట్రం సరిహద్దు అవతల, కొండల్లో, మా సంస్థవాళ్ళే వేరే పేరుతో ఒక షెడ్డు తెరిచారట. తెల్ల రంగు, నల్ల తెరలు. గూడేల నుంచి ఆడవాళ్ళని వ్యానుల్లో తెస్తున్నారట. సీసా రంగు మాత్రం మార్చారు, ఆకుపచ్చ.

ఇవాళ పదకొండింటి రైలుకి నేనూ అప్పలకొండా బయల్దేరాం. నా దగ్గర ఎలుకల పుస్తకం ఉంది. ఆమె దగ్గర సంఘం జెండా, నాలుగు చపాతీలు, సన్యాసమ్మ ఫోటో ఉన్నాయి. పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. కిటికీ పక్క సీటు ఒకటి దొరికింది. అలవాటు కొద్దీ ఆమె నాకు ఇవ్వబోయి, ఆగి, తనే కూర్చుంది.

"ఎన్ని గంటల పయనం?"

"ఐదు గంటలు."

"బాస వొచ్చేటి నీకు, అక్కడోలిది?"

"కొంచెం."

"సాల్లే. మిగతాది ఆలే సెప్తారు." ఆమె కాళ్ళు బెంచీ మీదికి లాక్కుని, కొంగు మొహం మీదికి కప్పుకుంది. తరవాత కొంగు కాస్త తొలగించి నా వైపు చూసింది.

"నాను తొంగుంతన్నాను. నువ్వు మెలకువగుండు."

రైలు కదిలింది. ఆమె నిద్రపోయింది. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరో సీటు కోసం ఆమెని లేపబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.